ఆరో శీర్షిక

మణిమాల భిలాయిలోని ఖుర్సీపార్ పేట పిల్ల. 1999లో అక్కడ వెబ్ పేజీ అంటే గిరగిరా తిరిగే బొమ్మలు, మిణుకుమనే అక్షరాలు. చూస్తేనే కళ్లు పోయేవి. ఆ రోజుల్లో ఆమె వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ నియమాలన్నీ ప్రింటు తీయించి, పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివింది. ఏది శీర్షికో, ఏది జాబితానో పేజీలో చెప్పాలి. శీర్షికలకు ఒకటి నుంచి ఆరు దాకా స్థాయిలు. రంగూ, సైజూ విడిగా స్టైల్ షీట్‌లో ఉండాలి. ఆ శుభ్రత అంటే ఆమెకు ప్రాణం.

తెలుగు సంఘానికి పేజీ చేసిపెట్టమంటే నెల రోజులు కూర్చుంది. తను రాసినట్టే నిలిస్తే చాలనుకుంది. కమిటీలో ఆరుగురు, కింద సభ్యులు. అందరి పేర్లూ ఒకే సైజులో పెట్టింది.

కమిటీకి ఒళ్లు మండింది. ఉక్కు ప్లాంటులో ఉన్నన్నాళ్లూ గ్రేడును బట్టి క్వార్టరు, గ్రేడును బట్టి కుర్చీ తీసుకున్న మనుషులు. రిటైరైనా ఆ తెగులు వదల్లేదు.

"అరే బేటీ, ప్రెసిడెంటూ మెంబరూ బరాబరేటి?" అన్నాడు అధ్యక్షుడు గురునాథరావు. "హెడ్డింగులు ఆరుంటాయట గదా. మేమూ ఆరుగురమే. ఒకటోది నాకు, ఆరోది మీ నాన్నకి. వరసగా ఎట్టీ."

"హెడ్డింగులు విషయానికి అంకుల్, మనుషుల హోదాకి కాదు."

ఆమె తండ్రి సత్యారావు, సంఘం కోశాధికారి, పక్కనే ఉన్నాడు. ముప్పై ఏళ్లు రోలింగ్ మిల్లులో కొలత తప్పిన ముక్కను ఎవరు చెప్పినా ముందుకు పంపని మనిషి. ఒక్క మాట అంటాడని ఆమె ఆయన వైపు చూసింది.

"ఆల్లు సెప్పినట్టే సేసీమ్మా. నన్ను ఆరోదాన్లో ఎట్టడం మాత్రం మరిసిపోకు," అన్నాడాయన.

ఆమెకు ఆ పూట అన్నం సహించలేదు. గురునాథరావు మీద కన్నా తండ్రి మీదే ఎక్కువ అసహ్యం వేసింది. చెప్పినట్టే చేసి, స్టైల్ షీట్ తీసిపారేసింది. అది లేకపోతే బ్రౌజర్ ఆరో శీర్షికను మామూలు అక్షరాల కన్నా చిన్నగా చూపిస్తుంది. ఆమెకు తెలుసు. ఒక్క లైనుతో సరిచేయవచ్చు. చేయలేదు.

ప్రారంభోత్సవం నాడు అందరూ కంప్యూటర్ చుట్టూ మూగారు. గురునాథరావు పేరు తెర అడ్డంగా పరుచుకుంది. చప్పట్లు కొట్టారు. సత్యారావు కళ్లజోడు తుడుచుకుని తెర మీదకు వంగాడు.

"మెంబర్ల పేర్లన్నీ అగుపడతన్నాయి. నాదేదమ్మా?"

"నువ్వడిగిన కాడే ఉంది నాన్నా," అంది మణిమాల. వేలు పెట్టి చూపించలేదు.