లేదు అనని దుకాణం

మా అమ్మ లింబాయత్‌లో మా ఇంటి ముందు గదిలోనే చీరలు అమ్మేది. సలాబత్‌పురా బట్టల బజారు నుంచి తెచ్చిన మూటలు, కింద ఒక చాప, పైన ఒక ఫ్యాను, దుకాణం అంటే అంతే. బోర్డు కూడా లేదు గానీ నియమం మాత్రం ఒకటుండేది: దుకాణంలో కూర్చుని “లేదు” అనకూడదు. ఇంట్లో బియ్యం అయిపోతే “నిండుకున్నయి” అన్నట్టే, అడిగిన చీర మూటలో లేకపోతే “జర కూసో, సూస్త” అనాలి. చిలకపచ్చ అడిగిన మనిషి ముందు అమ్మ ముదురుపచ్చ పరిచేది, అదీ నచ్చకపోతే నీలం పరిచి “గిది గూడ పచ్చనే, ఎండల సూడు” అనేది. ఎండలో చూసినా అది నీలమే. అయినా ఆ మనిషి దాన్ని సంచిలో పెట్టుకునే పోయేది.

లాక్‌డౌన్ రాగానే చాప చుట్టేశాం. సరుకు కదలడం లేదన్న బాధ కన్నా మనుషులు రావడం లేదన్న బాధే అమ్మకు ఎక్కువ. పొద్దున్నే గడప మీద కూర్చుని ఖాళీ సందు చూసి చూసి లోపలికి వచ్చేది. నాకది చూడబుద్ధి కాలేదు. నాది కంప్యూటర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని అమ్మకో ఆన్‌లైన్ దుకాణం కట్టాను. చీరల ఫోటోలు, వాటికి పేర్లు, పైన పేరు కొట్టి వెతుక్కోవడానికి ఒక డబ్బా. నా పనితనం చూసి నాకే తెగ మురిపెం.

మా ఖాతాదార్లంతా మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి ఈ గుజరాతీ ఊరికి వచ్చి లింబాయత్‌లో, ఉధ్నాలో స్థిరపడ్డ ఇళ్ల ఆడవాళ్లు. వాళ్లు ఆ డబ్బాను డబ్బా అనుకోలేదు. దాని వెనకాల మా అమ్మే కూర్చుందనుకున్నారు. రంగు పేరో బట్ట పేరో కొడతారని నేను ఎదురుచూస్తుంటే, “అక్కా మంచిగున్నవా, మొన్న మా ఆడిబిడ్డ తీస్కపోయింది సూడు, అసొంటిది సూపియ్యి” అని కొట్టారు. అదీ సగం అక్షరాలు మింగేసి. చీర కాస్తా చిర, చెర, సిరా, సాడీ, ఎవరి చేతికి ఏది తగిలితే అది. నా దుకాణం అందరికీ ఒకటే జవాబు చెప్పింది: “ఏమీ దొరకలేదు.”

ఉధ్నా నుంచి ఒకామె అమ్మకు ఫోన్ చేసింది. “ఏందక్కా, మొకం మీదనే లేదంటున్నవ్? నేనేం తప్పు జేసిన?”

ఇంక చూడండి మా అమ్మ అవతారం! “నీ మిషిని నోట్ల మన్నువడ! గడప మీద కూసోని అచ్చినోల్లందరికి లేదు లేదంటదా? నీకు నేను గిదేనా నేర్పింది?”

“వాళ్లు తప్పులు కొడితే నేనేం చెయ్యనమ్మా?”

“ఆల్లు అడిగిన్రు. నీకు సమజ్ కాలే. తప్పు ఎవలది?”

అమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు. కూర్చుని ఆ యంత్రానికి ఓపిక నేర్పాను. అక్షరం ఎగిరిపోయినా పక్క అక్షరం మీద వేలు పడినా సర్దుకొమ్మన్నాను. ఏదీ దగ్గరగా తగలకపోతే “జర కూసో, సూస్తున్న” అని అమ్మ మాటే రాయించాను. సర్దుకోవడం కాస్త శ్రుతిమించింది, ఒప్పుకోవాలి. ఒకావిడ దువ్వెన అడిగితే దుపట్టాలు చూపించింది. నేను తల పట్టుకున్నాను. అమ్మ మాత్రం “దువ్వుకున్నంక ఏస్కుంటది తియ్” అని యంత్రాన్ని మెచ్చుకుంది. కడుపున పుట్టిన నన్నెప్పుడూ అంతలా మెచ్చుకోలేదు.

మరుసటి ఏడు రెండోసారి జబ్బు ఊరిమీద పడ్డప్పుడు అమ్మకు జ్వరం వచ్చింది, ఆయాసం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చుకున్నారు, మమ్మల్ని గేటు బయటే ఆపేశారు. అమ్మ ఫోన్ ఇంట్లోనే ఉండిపోయి, ఛార్జింగ్ అయిపోయి పడి ఉంది. డాక్టరు ఎప్పుడో ఒకసారి నాకు ఫోన్ చేసి, ఆక్సిజన్ పెట్టాం, చూద్దాం అనేవాడు. ఫోన్ మోగిన ప్రతిసారీ, ఈసారి “లేదు” అనేస్తాడేమోనని భయం.

అమ్మ ఫోన్ ఎత్తకపోయేసరికి ఆడవాళ్లంతా ఆ డబ్బా దగ్గరికే వచ్చారు. “అకక్కు ఎట్లునది?” “అక్క బువ తింటునదా?” నేను నేర్పిన ఓపికంతా చూపించి, బువ్వ అడిగినామెకు యంత్రం బుట్టా చీరలు చూపించింది. మిగతావాళ్లను జర కూసోమంది. చదువుతూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాను. అందరికీ ఫోన్ చేసి చెప్పడానికి నా దగ్గర మాత్రం ఏముంది?

ఆ మధ్యాహ్నం డాక్టరు నుంచి ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఏం తోచక నా చేత్తో నేను కట్టిన డబ్బాలోనే కొట్టాను: అమ్మ ఇంటికి వస్తదా. చూస్తే నా అక్షరాలూ అన్నీ తప్పులే.

“జర కూసో, సూస్తున్న.”

ఆ మాట రాసింది నేనే. నాకు తెలుసు. అయినా ఫోన్ ఒళ్లో పెట్టుకుని, చెప్పినట్టే, చుట్టిపెట్టిన చాప పరుచుకుని కూర్చున్నాను.

అమ్మ వచ్చింది. సగానికి సగం చిక్కిపోయి, ఆటోలోంచి దిగడానికి నా భుజం పట్టుకుంది. గడప దాటకుండా అక్కడే చతికిలబడి కాసేపు ఊపిరి తీసుకుంది. మంచినీళ్లు అడుగుతుందనుకుంటే దుకాణం సంగతి అడిగింది.

“నేను ఆసుపత్రిల ఉన్నన్ని దినాలు, ఎవలకన్న లేదన్నవా?”

“అనలేదమ్మా,” అన్నాను. “డాక్టరు కూడా అనలేదు.”