వెంజవ్వ సంఘం

ముందే చెప్తున్నా. ఫలానా వాళ్ళకు దయ్యం పట్టిందని ఎవరైనా నా ముందు అంటే, పట్టిన దయ్యానికి కాదు, చెప్పినవాడికి రెండు తగిలించాలనిపించే బాపతు నేను. దేవుడి విషయంలోనూ అంతే. ఇరవై రెండేళ్ళుగా సిరిసిల్లలో సాంచాలు బాగుచేస్తున్నాను. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. సాంచె ఆగిందంటే ఎక్కడో ఏదో అరిగింది, లేదా విరిగింది. వెతికితే దొరుకుతుంది. లోకంలో ఏదైనా అంతేనని నా నమ్మకం. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

ఇది భయంతో రాస్తున్నది కాదు. కడుపుమంటతో రాస్తున్నది.

మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, పేరు నర్సవ్వ. బాపు పోయిన ఏడాది తిరగకముందే ఆమె మా గల్లీ చివర రేకుల షెడ్డులో ఉన్న ప్రార్థన మందిరానికి పోవడం మొదలుపెట్టింది. పద్మశాలి ఇంటి ముసలామె చర్చికి పోవడమేందని కులపెద్దలు నన్ను నిలబెట్టి అడిగారు. "ఆమె పోతది, మీకేం నొప్పి?" అన్నాను. అట్లాగని నాకు నచ్చిందని కాదు. ఇంట్లో ఉంటే గోడను చూస్తూ కూర్చునేది. అక్కడికి పోతే పదిమంది పలకరిస్తారు కదా అని ఊరుకున్నాను.

కొత్త సంవత్సరం రోజు ఆ మందిరంలో వాగ్దానం కార్డులు తీయిస్తారు. కార్డు మీద బైబిల్ మాట ఒకటి ఉంటుంది. ఎవరికి ఏది వస్తే వాళ్ళకు ఆ ఏడాదికి అదే దేవుడిచ్చిన మాట. ఆ ఏడు పాస్టర్ కార్డులతో పాటు చీటీల బుట్ట కూడా పెట్టాడు. ఒక్కో చీటీలో లోకంలోని ఒక్కో పట్నం పేరు ఉంది. తీసినవాళ్ళు ఏడాది పొడుగునా అక్కడి చర్చిల కోసం, ఆ చర్చిలకు వచ్చే జనం కోసం ప్రార్థన చేయాలి.

అవ్వకు చదువు రాదు. చీటీ తెచ్చి నా ముందు పెట్టింది. అప్పుడు నేను ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతూ ఇంకో చేత్తో పానా కోసం వెతుకుతున్నాను. పైన చిన్న అక్షరాల్లో చైనా అని ఉంది. అది చదవలేదు. కింద లైను ఒక్కటే గబగబా చదివి పడేశాను. "వెన్‌జౌ సంఘాల కొరకు."

అక్కడే జరిగింది తప్పు. క్రైస్తవుల భాషలో సంఘమంటే చర్చి. మా అవ్వకు ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన సంఘం ఆడవాళ్ళ పొదుపు సంఘం. ఇక పేర్లంటారా, మా గల్లీ నిండా లచ్చవ్వలు, ఎల్లవ్వలు, మల్లవ్వలే. ఆమెకు వెన్‌జౌ అని ఎందుకు వినపడుతుంది? వెంజవ్వ అని వినపడింది. వెంజవ్వ అనే మనిషి ఉంది, ఆమెకొక సంఘం ఉంది, వాళ్ళకేదో కష్టం వచ్చింది, వాళ్ళ కోసం మొక్కాలి. అట్లా అర్థం చేసుకుంది మహాతల్లి.

పొద్దున్నే కండెలు చుట్టే మిషన్ ముందు కూర్చునేది. కండె అంటే సాంచెలో అడ్డపోగు కోసం దారం చుట్టే చిన్న కడ్డీ. చేతులు దారం మీద, కళ్ళు మూసుకొని పెదవులు కదుపుతూ ఉండేది. రెండు నెలలు పోయాక ఒకరోజు చాయ్ తాగుతూ విన్నాను. వెంజవ్వ మోకాలు నొప్పి తగ్గించు ప్రభువా అంటోంది.

"ఎవలే అవ్వా గా వెంజవ్వ?"

"నువ్వే గదరా సదివి చెప్పినవ్. ఎడమ మోకాలు గుంజుతుంది పాపం. మెట్లెక్కుడు కష్టమైతుంది."

"నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పుడేంది? కండ్లు మూసుకుంటే ఆడ కూసున్నట్టే ఉంటది."

పెద్దమనిషి, ఏదో అనుకుంటోంది పోనీ అనుకున్నాను. తర్వాత ఇంకా చెప్పేది. వెంజవ్వ వాళ్ళు కలుసుకునే పెద్ద గది మూతపడిందట. ఇప్పుడు గుండీల దుకాణం మీద గదిలో కూర్చుంటున్నారట. ఎనిమిది మంది ఆడవాళ్ళట. గట్టిగా పాడరట, పెదవులతోనే పాడతారట. "నేను గూడ గట్లనే పాడుతున్న, వాళ్ళకు తోడు" అనేది. గుండీల కోసమే దుకాణం పెట్టే ఊరు ఎక్కడుందని నా భార్య సుజాత పకపకా నవ్వింది.

మృగశిర కార్తెను మేం మిరుగం అంటాం. ఆ మిరుగం వెళ్ళాక వచ్చిన ఆదివారం వాన పడుతోంది. అవ్వను బండి మీద తీసుకొద్దామని మందిరం గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేళ్ళు, లేచి చెప్పుకొంటున్నారు. అవ్వ లేచింది. జన్మలో పదిమంది ముందు నోరు తెరవని మనిషి. వెంజవ్వ మోకాలు కొంచెం నయమైందని, ఆమె సంఘపోళ్ళ కోసం అందరూ మొక్కాలని చెప్పింది.

పాస్టర్ చీటీ అడిగి తీసుకున్నాడు. చూశాడు. పొట్ట పట్టుకొని నవ్వాడు.

"నర్సవ్వా, వెన్‌జౌ అంటే మనిషి గాదమ్మా, చైనాల పట్నం! ఆర్నెల్లసంది పట్నానికి మోకాలునొప్పి తగ్గియ్యమని మొక్కుతున్నవా?"

రేకులు ఎగిరిపోయేటట్టు నవ్వారు. నలభై మంది ఉంటారు. నాకూ నవ్వొచ్చింది. ఆపుకోలేదు. అవ్వ తిరిగి గుమ్మం వైపు చూసింది. నేను నవ్వడం చూసింది. చూసి కూర్చుంది.

అంతటితో పోనిచ్చాడా? లేదు. అందరూ వెళ్ళాక పిలిచి, లేని మనిషిని కల్పించి చెప్పుడు అబద్ధ సాక్ష్యం కిందికి వస్తది, ఇంక సాక్ష్యానికి లేవకు అన్నాడు. అది విన్నాక నా అరికాలి మంట నెత్తికెక్కింది. "చీటీ మీద నాలుగు ముక్కలు రాసి చేతుల పెట్టినవ్, చదువురాని మనిషికి ఇదేందో చెప్పే తీరిక లేదా నీకు?" అని అక్కడే కడిగేశాను. నేను చదవాల్సినంత చదివానా అని ఆయన అడగలేదు.

ఆ రోజు నుంచి గల్లీలో ఆమె పేరే మారిపోయింది. "ఏం వెంజవ్వా, చైనా బాగున్నదా?" నల్లా దగ్గర, కిరాణం దగ్గర, దేవుణ్ణి మొక్కేవాళ్ళూ అదే మాట, మొక్కనివాళ్ళూ అదే మాట. ఒకడి కాలర్ పట్టుకున్నాను కూడా. ఎంతమంది కాలర్లు పట్టుకుంటాను?

అవ్వ మందిరానికి పోవడం మానేసింది. కండ్లు మూయడం మానేసింది. కండెలు మాత్రం చుట్టేది. ఒక మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకొని అడిగింది. "రాజేశం, లేని మనిషి కోసం ఆర్నెల్లు మొక్కిన. దేవున్ని ఉత్తగ పరేషాన్ చేసిన్నా బిడ్డా?"

"లేని దేవునికి లేని మనిషి. సరిపాయె, తిను" అన్నాను. ఛీ, నా నోరు పడిపోను. నవ్విద్దామని అన్నాను. ఆమె కంచంలో చెయ్యి కడిగేసింది.

బతుకమ్మ వెళ్ళిన వారానికి జ్వరం వచ్చింది. పెద్దగా ఏం లేదన్నాడు డాక్టర్. పోవడానికి మూడు రోజుల ముందు నా చెయ్యి పట్టుకొని, "వెంజవ్వ నిజంగనే లేదారా?" అంది. లేదవ్వా అన్నాను. ఆమెకు చివరిగా నేను చెప్పిన గట్టి మాట అదే. దేవుణ్ణి మోసం చేశాననుకుంటూనే పోయింది.

ఇక్కడి వరకు ఏ వింతా లేదు. ఒక ముసలామెను అందరం కలిసి చిన్నబుచ్చాం, అంతే. అసలు సంగతి నాలుగు నెలల తర్వాత జరిగింది.

నేను పనిచేసే కార్ఖానా సేటు చైనా నుంచి కొత్త రకం సాంచాలు తెప్పించాడు. అవి ఆగితే కంపెనీ మనిషి అక్కడి నుంచే వీడియో కాల్‌లో చూసి ఏం చేయాలో చెప్తాడు. అతని పేరు చెన్, ముప్ఫై ఏళ్ళుంటాయి. నేను మాట్లాడింది ఫోన్ అతని భాషలోకి మారుస్తుంది, అతని మాట నాకు తెలుగులో చెప్తుంది. మన యాస దానికి ఎక్కదు. టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడాలి.

ఒకరోజు పని అయ్యాక మీది ఏ ఊరని అడిగాను. ఫోన్ తెలుగులో చెప్పింది. "నేను వెన్‌జౌలో ఉంటాను."

అవ్వ జ్ఞాపకం వచ్చింది. ఎందుకడిగానో తెలియదు, అడిగేశాను. మీ ఊళ్ళో గుండీల దుకాణం పైన ఒక గది ఉందా? అక్కడ ఆడవాళ్ళు కూర్చొని ప్రార్థన చేస్తారా? ఒకామెకు ఎడమ మోకాలు నొప్పా?

చెన్ ముఖం మారింది. నీకెవరు చెప్పారు అని మూడుసార్లు అడిగాడు. కాల్ కట్ చేశాడు. నాలుగు రోజులు ఎత్తలేదు. సాంచె ఆగిపోయిందని సేటు నన్ను తిట్టాడు.

ఆదివారం నేను ఇంట్లో ఉండగా చెన్ తనే వీడియో కాల్ చేశాడు. సుజాత పక్కనే ఉంది, ఆమె సాక్ష్యం. అది మేడ మీద గది. కింద దుకాణం చూపించాడు. గోడ నిండా డబ్బాలు, డబ్బాల నిండా గుండీలు. అవ్వ చెప్పినవన్నీ కుదరలేదు, అది కూడా చెప్పాలి. తలుపు ఎర్రదని అంది, గోధుమ రంగుది. ఎనిమిది మంది అంది, నేను లెక్కబెడితే పదకొండు. అందులో ఇద్దరు మగవాళ్ళు.

ఒక పెద్దామె ఎడమ మోకాలు మీద చెయ్యి ఆనించి మెట్లెక్కి వచ్చింది. ఆమె చెన్ తల్లి. పేరు వెంజవ్వ కాదు. అసలు పేరు ఇక్కడ రాయను, అక్కడ సర్కారు అనుమతి లేకుండా ప్రార్థనకు కూడితే ఊరుకోరట, ఆమెకు ఇబ్బంది రావచ్చు.

గోడ మీది అవ్వ ఫోటో తీసి, దండ పక్కకు జరిపి ఫోన్ ముందు పెట్టాను. ఆమె అదిరిపడుతుందనుకున్నాను. లేదు. చాలాకాలానికి కనపడిన ఇరుగుపొరుగు మనిషిని చూసినట్టు నవ్వింది. ఏదో చెప్పింది. ఫోన్ దాన్ని తెలుగు చేసింది. "ఈమె మాతో కూర్చునేది. కిటికీ కింద మూలన. జుట్టు మీద తెల్లటి దారం పోగులు ఉండేవి. మా మాట ఆమెకు రాదు. పెదవులు మాత్రం మాతో కలిపేది."

నేను చెన్‌కు అవ్వ చేసే పని చెప్పలేదు. ఫోటో స్టూడియోలో తీయించింది, అందులో ఆమె తల నూనె పెట్టి నున్నగా దువ్వి ఉంది. నూలు పీచు ఎక్కడా లేదు. సుజాత నా భుజం పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

పెద్దామె అడిగింది. "ఆమె రావడం ఎందుకు మానేసింది?"

చనిపోయింది అని చెప్పాను. ఎప్పుడు అంది. అక్టోబర్ అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఫోన్ చెప్పింది. "కాదు. జూన్‌లో మా పడవల పండుగ అయిన వారం నుంచే రాలేదు. ఆమె చోటు ఖాళీగా ఉంచాం. మా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

పడవల పండుగ ఎప్పుడొచ్చిందో తర్వాత వెతికి చూశాను. మా మిరుగం రోజుల్లోనే. మందిరంలో నవ్విన ఆదివారం ఆ వారంలోనిదే.

సిగ్నల్ పోయినట్టు నటించి కాల్ కట్ చేశాను.

అదే సాయంత్రం పాస్టర్ ఇంటికి పోయాను, మొత్తం చెప్పాను. సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. "దేవుని గొప్ప కార్యం రాజేశం! వచ్చే ఆదివారం నువ్వు లేచి సాక్ష్యం చెప్పాలె. పక్క ఊర్ల నుంచి గూడ జనాన్ని పిలుస్త" అన్నాడు. మా అవ్వను లేవొద్దన్న నోటితోనే! "ఆమె బతికుండంగ ఆమెను చెప్పనిస్తివా?" అని అరిచాను. ఆయన తలుపు వేసుకునేదాకా అరిచాను. గల్లీ అంతా వచ్చి చూసింది. చూడనీ.

సిరిసిల్లలో కండెలు చుట్టే మనిషి అక్కడ కిటికీ కింద ఎట్లా కూర్చుందో నాకు తెలియదు. విప్పి చూడటానికి ఇది సాంచె కాదు. తెలుసని ఎవరైనా చెప్తే నమ్మను, పాస్టర్ చెప్తే అసలే నమ్మను. అట్లా పోవడం ఎందుకు మానేసిందో మాత్రం నాకు తెలుసు. ఆ రోజు రేకుల కింద నవ్విన నలభై మందికీ తెలుసు. చెన్ తల్లి ఇప్పటికీ ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తోంది. నేను ఎత్తడం లేదు.