చెవుల్లో దూది

కుప్పంలో నా అద్దెగది కింది వాటాలో ఎవరో టమోటాలు ఉడకబెడుతున్నారు. ఆ పుల్లని ఆవిరి కిటికీలోంచి రాగానే షమీమ్ మేడమ్ చేతులు కళ్ల ముందు కదిలాయి. అప్పట్లో పుంగనూరు దగ్గరి టమోటా గుజ్జు ఫ్యాక్టరీలో ఆమె క్వాలిటీ మేనేజరు. నేను ఆమె కింద కొత్తగా చేరిన అసిస్టెంటును. ఆమెకు పుట్టుకతోనే వినపడదు. మదనపల్లె నుంచి ఇద్దరం రోజూ ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. నలుగురిలో నోరు విప్పలేక, డైరీలో మాత్రమే మాట్లాడుకునే నాకు ఆమె నేర్పిన సైగల భాష హాయిగా ఉండేది. "ఇద్దురూ ఇంత మాట్లాడతాండారు, బస్సులో సద్దే లేదు గదమ్మా" అని కండక్టరు నవ్వేవాడు. చిక్కల్లా ఆఫీసులోనే. అక్కడ ఆమె సైగలను నేను పైకి చెప్పాలి.

ఆమె పట్టుబట్టి, వినపడని అమ్మాయిలిద్దరిని టమోటాలు ఏరే బెల్టు దగ్గర పనిలో పెట్టించారు. నెల తిరక్కముందే ప్లాంటు మేనేజరు రెడ్డప్ప సారు వాళ్లను మాన్పించాలన్నారు. ప్రమాదమైతే మోగే సైరన్ వాళ్లకు వినపడదట. మేడమ్ చేతులు గబగబా కదిలాయి. నేను, "దయచేసి సైరన్‌తో పాటు ఎర్రలైటు కూడా పెట్టిస్తే బాగుంటుందని మేడమ్ అంటాండారు సార్" అన్నాను. మేడమ్ నా పెదవులనే చూస్తున్నారు. అరచేత్తో బల్ల మీద గట్టిగా కొట్టారు. తాను దయచేసి అనలేదని, బాగుంటుందనీ అనలేదని, తన మాట తనకు ఇచ్చెయ్యమని సైగ చేశారు. నా ముఖం కందిపోయింది.

"లైటు పెట్టించాల సార్. ఆ పిల్లోళ్లు యాడికీ పోరు" అని మళ్లీ చెప్పాను.

"అందురికీ వినపడతాది గదమ్మా. ఈ ఇద్దురి కోసరం యాల?" అన్నారు సారు.

మేడమ్ ఆయనను బెల్టు దగ్గరికి తీసుకెళ్లి, సైరన్ మోగించమన్నారు. యంత్రాల హోరు తట్టుకోలేక అక్కడి పనివాళ్లంతా చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లు. సైరన్ మోగుతూనే ఉంది, వాళ్లు ఏరుతూనే ఉన్నారు. తలెత్తి చూసింది ఆ ఇద్దరమ్మాయిలే. అదీ సైరన్ విని కాదు, మేడమ్ రావడం వాళ్ల కంట పడి. అప్పుడు ఆమె చేసిన సైగను, ఏమీ కలపకుండా, హోరును మించి అరిచి చెప్పాను.

"ఈడ ఎవురికీ వినపడదు సార్. లైటు అందురికీ కావాల."

లైట్లు వచ్చాయి. అమ్మాయిలు ఉండిపోయారు. ఆ తర్వాత రెడ్డప్ప సారు ఎవరితోనో మేడమ్‌ను మొండిమనిషి అంటుంటే, ఆమె దూరం నుంచే ఆయన పెదవులు చదివి, నిజమేనన్నట్టు తలూపారు.

ఇప్పుడు నేను ఇక్కడ ఒక గ్రానైటు కంపెనీ ఆఫీసులో పనిచేస్తున్నాను. చక్రాల కుర్చీలో వచ్చే కొత్త అకౌంటెంటుకు పైఅంతస్తులో సీటు వేశారు. లిఫ్టు లేదు. ఎవరో ఒకరు ఎత్తుకొస్తారులే, అడ్జస్టయితాడు అని నిన్న మీటింగులో మా మేనేజరు తేల్చేశారు. దయచేసి అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అరచేయి బల్ల మీద ఆనించాను.

"అకౌంట్స్ సెక్షన్ కిందికి రావాల సార్" అన్నాను. ఇంకేమీ కలపలేదు.