జెండాలు కుట్టే బావ

మా బావ ప్రభుత్వ కుట్టుశాలలో జెండాలు కుడతాడు. మాకు జెండా ఉంది, సైన్యం ఉంది, తపాలా బిళ్ళ కూడా ఉంది. మమ్మల్ని దేశమని ఒప్పుకునే దేశమే లేదు. ఫలానా దేశం గుర్తించబోతోందని పుకారు పుడితే చాలు, స్వాగతానికి వాళ్ళ జెండాలు కుట్టమని పైనుంచి ఆర్డరు వస్తుంది. వాళ్ళు మాత్రం రారు. బావ కుట్లు విప్పేసి, ఆ గుడ్డతో దిండు గలీబులు కుట్టి ఇంటికి తెస్తాడు. మా ఇంట్లో తలకో దేశం.

"ఈసారి ఖాయం" అన్నది ఆయన ఊతపదం. అది వింటే నాకు ఒళ్ళు మండేది. స్వాతంత్ర్యం ప్రకటించిన రోజు జనం నడివీధిలో మంట వేసి, పాత దేశపు గుర్తింపు కార్డులన్నీ అందులో పడేశారు. అందరికంటే ముందు ఎగబడ్డది మా బావే. నా కార్డూ అడిగాడు. ఎక్కడో పారేసుకున్నానని చెప్పి పరుపు కింద దాచాను.

అక్క పోయాక పాపను పెంచుతున్నది మేమిద్దరమే. పాప గుండెలో రంధ్రం ఉంది. ఇక్కడి డాక్టరు చేతులెత్తేశాడు. ఆపరేషను చేసేది వంతెన అవతల, ఆ పాత దేశంలోనే. మా పాస్‌పోర్టు అక్కడ చెల్లదు. "గుర్తింపు రానీ, దర్జాగా వెళ్దాం" అంటూ బావ వేసవంతా ఆగాడు. ఆ వేసవిలో కుట్టిన జెండాలూ గలీబులయ్యాయి. పాప పెదవులు నీలం తిరిగాయి. ఆ రోజు నేను కార్డు తీసి ఆయన ముఖాన కొట్టాను.

పాత కార్డున్నవాళ్ళ పిల్లల్నే వంతెన దాటనిస్తారు. మా జనన పత్రాలు వాళ్ళకు చిత్తుకాగితాలు కాబట్టి, తల్లెవరో తండ్రెవరో పిల్లనే అడిగి తేల్చుకుంటారు. తండ్రి కార్డు లేనివాడని తెలిస్తే వెనక్కి పంపేస్తారు.

బావ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తనే నేర్పాడు.

"పిన్నిని ఏమని పిలవాలి?"

"అమ్మా అని."

"మరి నేనెవర్ని?"

"నాన్నవి."

"కాదు తల్లీ. మళ్ళీ చెప్పు."

పాప ఏడ్చింది. ఆయన వదల్లేదు. వినలేక నేను వంటింట్లోకి పోయాను.

నడవలేని పిల్లను అంత దూరం నేను మోయలేను కాబట్టి వంతెన గేటు దాకా ఎత్తుకొచ్చింది ఆయనే. నా చేతికిచ్చి, పాప దిండు పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు.

"ఈవిడెవరు పాపా?" కిటికీలోంచి అధికారి అడిగాడు.

"అమ్మ."

"నిన్ను ఎత్తుకొచ్చినాయన?"

పాప వెనక్కి తిరిగి బావను చూసింది.

"ఎవరో. నాకు తెలీదు."

అధికారి ముద్ర కొట్టాడు. "బాబూ, ఆ దిండు ఇలా ఇవ్వండి" అన్నాను బావతో. జన్మలో ఆయన్ని అలా పిలవలేదు. దిండు అందించి, "జాగ్రత్తమ్మా" అన్నాడు, దారిన పోయేవాడు చెప్పినట్టు.

వంతెన సగం దాటాక పాప నా చెవిలో గుసగుసగా అడిగింది.

"బాగా చెప్పానా పిన్నీ? నాన్నకి వినపడిందా?"