కైలాసం బొట్టుబండి

మెట్‌పల్లిలో కైలాసం వెల్డింగ్ షెడ్డు ముందు ఒక వింత బండి ఉండేది. ముందువైపు గుండ్రంగా ఉండి, వెనక్కి పోనుపోను సన్నబడుతుంది. చూరు నుంచి జారబోయే నీటిబొట్టును అడ్డంగా పడుకోబెట్టినట్టే ఉంటుంది. జీపు వెనక తగిలించుకుని లాక్కుపోవాలి. లోపల ఇద్దరు పడుకోవచ్చు. వెనక మూత ఎత్తితే గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు. వాడకట్టువాళ్లు దాన్ని కోడిగుడ్డు బండి అని నవ్వేవారు. కైలాసం భార్య నర్మద మాత్రం బొట్టుబండి అనేది. ఎటు చూసినా పసుపుచేలూ మొక్కజొన్నచేలూ తప్ప ఉప్పునీటి జాడే లేని ఊళ్లో, సముద్రానికి పోవడానికని చేసిన బండి అది.

కైలాసం మస్కట్‌లో ఇలాంటి బండ్లు తయారుచేసే షెడ్డులో ఏళ్లకేళ్లు పనిచేశాడు. కొనుక్కున్నవాళ్లు శుక్రవారం వాటిని ఒడ్డుకు లాక్కుపోయి, పొడుగాటి చెక్కలెక్కి అలల మీద నిలబడి జారేవాళ్లు. రిపేరుకని వెంటపోయిన కైలాసాన్ని ఒకసారి వాళ్లే చెక్క ఎక్కించారు. రెప్పపాటు నిలబడ్డాడు, వెంటనే పడ్డాడు, కడుపునిండా ఉప్పునీళ్లు తాగాడు. ఆ రెప్పపాటులో తాను ఎవరి కింద పనిచేస్తున్నదీ మరిచిపోయాడు. ఒడ్డుకొచ్చి తల కూడా తుడుచుకోకుండా నర్మదకు ఫోన్ చేసి, ఫోనును అలలవైపు పట్టాడు.

"ఏందయ్యా గా సప్పుడు?" అంది నర్మద.

"సముద్రం. నీకు నేనే సూపిస్త. నువ్వు మొదటిసారి సూసినప్పుడు నీ మొకం నేను సూడాలె. గంతే."

అప్పటినుంచి ప్రతి శుక్రవారం అదే తంతు. నర్మద బీడీల చేట ఒళ్లో పెట్టుకుని, చుట్టడం ఆపేసి, అతను చాలనేదాకా వినేది. ఎప్పుడొస్తవంటే మాత్రం "ఇంకొక్క వీసా" అనేవాడు. మన దిక్కు గల్ఫ్‌కు పోయినవాళ్లందరి నోటా ఉండే మాటే అది. గోడమీద రాసిన 'రేపు రా' ఎంత నిజమో అదీ అంతే నిజం. వీసా మీద వీసా అయ్యి, ఇద్దరి జుట్టూ నెరిశాక గానీ అతను ఇల్లు చేరలేదు.

వచ్చీరాగానే బండి మొదలుపెట్టాడు. ఇనుప చట్రం, ప్లైవుడ్ గోడలు, పైన అల్యూమినియం రేకు చకచకా లేచాయి. ఇల్లలకగానే పండగ కాదంటారు కదా. మొదటి వానకు పైకప్పు కారింది. రేకంతా ఊడదీసి మళ్లీ వేశాడు. తలుపు కిర్రుమంటోందని మార్చాడు. అలలెక్కే చెక్క కోసం నిర్మల్ పోయి, బొమ్మలు చేసే పొనికి కర్ర తెచ్చి అతికించాడు. తేలికైన కర్రే, కానీ కాలువలో వేసి చూస్తే నీళ్లు పీల్చి బరువెక్కింది. మళ్లీ మొదటికొచ్చింది.

"పోదాం పా అయ్యా. మూత సక్కగ పడకుంటె తాడు కట్టుకుందాం," అంది నర్మద.

"ఆగు జర. ఇన్నేండ్లు ఆగినవ్. ఇంకొక్క పని."

వీసా పోయింది గానీ ఆ 'ఇంకొక్క' మాత్రం అతని నాలుకను వదల్లేదు. ఇన్నేళ్లు ఆగిన మనిషిని మళ్లీ ఆపడమేమిటన్న ఇంగితం ఆ మొండిఘటానికి లేకపోయింది!

ఆ చలికాలం బీడీలు చుట్టే ఆడవాళ్లంతా కలిసి తీర్థాలకు బస్సు మాట్లాడుకున్నారు. పోయిరానా అని నర్మద అడిగితే కైలాసానికి ప్రాణం లేచొచ్చింది. పోరేవాళ్లుండరు, మూత పని తెమిలిపోతుంది. పోయిరమ్మన్నాడు. ఆమె యాత్రలో ఉండగా ఒకరోజు ఫోన్ చేసింది. అతని చేతిలో గ్రైండర్ ఉంది.

"ఏమయ్యా, ఇనవడ్తుందా?"

"ఏం ఇనవడ్తలేదు. గరగర అంటుంది. పనిల ఉన్న, పెట్టెయ్."

తిరిగొచ్చి నర్మద ప్రసాదం చేతిలో పెట్టింది. గుళ్ల గురించి, రద్దీ గురించి, కాళ్లనొప్పుల గురించి చెప్పింది. బండి ఎందాకా వచ్చిందని అడిగింది.

మరుసటేడు బండి పూర్తయింది. కొండగట్టు అంజన్నకు కొబ్బరికాయ కొట్టి, బాపట్ల దారి పట్టారు. ఒడ్డు ఇంకా కనబడకముందే, సరుగుడు తోటలో జీపు ఆపి, కైలాసం తన తువ్వాలతో ఆమె కళ్లకు గంత కట్టాడు. చేయి పట్టి నడిపించుకుపోయాడు. గంత విప్పి, తాను సముద్రానికి వీపు పెట్టి, ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. నర్మద నవ్వింది. చక్కటి నవ్వే. అతనికి కడుపు నిండిపోయింది.

కుచ్చిళ్లు ఎగదోపుకుని ఆమె నీళ్లలోకి దిగింది. చెక్క చంకన పెట్టుకుని అతనూ దిగాడు. అల వెనక్కి మళ్లేసరికి తూలబోయాడు. నర్మద అతని రెక్క పట్టుకుంది.

"మడిమెలు గట్టిగ నాటు. ఎన్కకు పోయేటప్పుడే ఇసుక గుంజుతది."

కైలాసం ఆమెవైపు తిరిగాడు. "నీకెట్ల ఎర్క?"

నర్మద తల దించుకుంది. "నిరుడు తీర్థాలల్ల దర్శనమైనంక బస్సోళ్లు సముద్రం ఒడ్డుకు తోల్కపోయిండ్రు. నేను దిగనంటె దిగనన్న. మాతోని బీడీలు సుట్టే కిష్టవ్వ రెక్క గుంజి దించింది. నీకు సెప్తె బండి ఆడికాడనే ఇడిసిపెడ్తవని సెప్పలే."

"ఆడికెల్లి నాకొక్క ఫోనన్న చెయ్యకపోతివే?"

"చేసిన. నీ తీర్గనే ఫోను నీళ్ల దిక్కు పట్టిన. నువ్వే పెట్టెయ్యంటివి."

కైలాసం చేతిలోంచి చెక్క జారిపోయింది. దాన్ని పట్టుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా, తడి ఇసుకలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మస్కట్ నుంచి అతను వినిపించిన ప్రతి అలనూ ఆమె బీడీలు పక్కన పెట్టి వింది. ఆమె వినిపించిన ఆ ఒక్కదానికీ అతను గ్రైండర్ ఆపలేదు.