జలాంతర్గామి బొమ్మలో రెండు అక్షరాలు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మా తాతలు సముద్రం దాటి వలస వచ్చిన ఈ ఊళ్లో, బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో, నాకు పటాలు కట్టే కొట్టు ఉంది. వచ్చేవి ఎక్కువగా దేవుళ్లు, పెళ్లి ఫోటోలు. కిందటేడు ఒక ముసలి డాక్టరు నాలుగు అచ్చుబొమ్మలు తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒక ఇంగ్లీషు చిత్రకారుడు జలాంతర్గాముల్లో తిరిగి, నావికుల బతుకును గీసి అచ్చు వేసినవట. ఒకదాంట్లో వంటవాడు గరిటె తిప్పుతున్నాడు. ఇంకోదాంట్లో అరల్లాంటి పడకల మీద మనుషులు ఇరుక్కుని నిద్రపోతున్నారు.

అప్పటికి మా తమ్ముడు పనిచేసే సరుకు ఓడ మునిగి పదకొండు నెలలు. శవం దొరకలేదు. అమ్మ కర్మ చెయ్యనివ్వలేదు.

"ఆడు ఏ దీవిలోనో ఉంటాడు లా. బతికున్నోడికి పిండం పెడతారేటి?" అనేది, మాటకు ఇక్కడి మలయ్ యాస "లా" తగిలించి. రోజూ వాడికి కంచంలో అన్నం పెట్టేది. అది పారబోసేదాన్ని నేనే.

ఆ నిద్రపోయేవాళ్ల బొమ్మలో, ఒక పడక పక్కన ఇనుప గోడ మీద ఏదో రాసి ఉంది. అచ్చు పలక మీద మామూలుగా రాసింది కాగితం మీద తిరగబడి పడుతుంది. చిత్రకారులు ఒక్కోసారి ఆ సంగతి మరిచిపోతారు. అందుకని కాగితాన్ని వెనక్కి తిప్పి, మధ్యాహ్నపు ఎండలో కిటికీ అద్దానికి ఆనించాను.

తెలుగు. "అమ" అని ఉంది.

మా తమ్ముడికి తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాదు. అమ్మ పుట్టినరోజు కార్డు మీద అమ్మ అని ఆ ఒక్క మాటే రాసేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఒత్తు మరిచిపోయేవాడు.

వెంటనే ఫోన్లో ఫోటో తీశాను. మేడమీద ఉన్న అమ్మను పిలిచాను. అద్దం దగ్గరికి మొహం పెట్టి చూసింది.

"ఆడి రాతే. ఒత్తు ఎప్పుడు పెట్టినాడు గనక" అంది. తరవాత ఆ పడకల మధ్య సందు మీద వేలు పెట్టి, "గాలాడదే అమ్మీ, ఇక్కడ. ఇంక ఆడికి పిండం పెట్టేద్దాం" అంది.

ఆ వారమే క్లాంగ్ దగ్గర సముద్రం ఒడ్డున కర్మ చేయించాం. అమ్మ ఏడవలేదు.

తిరిగొచ్చి పటం కట్టబోతూ మళ్లీ ఎండలో పెట్టి చూశాను. గోడ మీద మేకుల వరస, నాలుగు గీతలు. అక్షరాలు లేవు. ఆ రోజు ఫోన్లో తీసిన ఫోటోలోనూ లేవు. డాక్టరుగారిని అడిగితే, ఇన్నేళ్లలో తను ఎప్పుడూ చూడలేదన్నారు.

పట్టపగలు ఇద్దరం చదివాం. అదెలాగో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అమ్మకి ఈ సంగతి చెప్పలేదు. వాడు ఎక్కడైనా బతికి ఉంటే, వాడికోసం ఎదురుచూసే ఒక్క మనిషి చేత ఆ ఎదురుచూపు నేనే మాన్పించేశాను.