జూన్ పద్దెనిమిది, కిటికీ ఉన్న క్యాబిన్

ఆమె చివరిగా చేసిన పని, ఓడ టికెట్లు అమ్మే ఏజెంటు చేత అయిదుగురి పేర్లూ ఫోనులో గట్టిగా చదివించడం. పేరు, వయసు, క్యాబిన్ నంబరు, బయల్దేరే తేదీ. అతను గబగబా చదివేస్తే, "ఏమయ్యా, ఎవరైనా తరుముతున్నారా? మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాడు. ఒక్కో పేరు పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టుకుంది. జూన్ పద్దెనిమిది అన్న చోట మాత్రం మూడోసారి కూడా చదివించింది. ఫోను పెట్టేసి, కళ్ళజోడు తీసి, "ఒక్క అరగంట నడుం వాలుస్తా, నాలుగింటికి లేపు" అని చిన్న కూతురికి చెప్పి పడుకుంది.

నాలుగింటికి లేపితే లేవలేదు.

గుండె అన్నారు డాక్టరుగారు. నిద్రలోనే పోయింది, ఆవిడకేమీ తెలిసుండదు అని కూడా అన్నారు. ఓదార్పుకే అన్నారు కానీ ఆ మాట చిన్నమ్మాయికి అస్సలు నచ్చలేదు. అమ్మకి తెలియకుండా ఆ ఇంట్లో ఏదైనా ఎప్పుడు జరిగింది గనక?

ఆవిడని అందరూ "కౌంటరు" అనేవాళ్ళు. చాటున కాదు, మొహం మీదే. రైల్వే స్టేషన్లో రిజర్వేషన్ కౌంటరు అద్దం వెనక ముప్పై మూడేళ్ళు కూర్చుంది మరి. మొగుడు కూడా సరదా పుట్టినప్పుడు "ఏమోయ్ కౌంటరూ" అనేవాడు. ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. ఆవిడ ఆయన్ని "మాస్టారూ" అని పిలిచేది, అది గౌరవమో వెటకారమో ఇంటికొచ్చినవాళ్ళకి ఓ పట్టాన తేలేది కాదు.

ఆవిడ పనితీరు ఒకటుండేది. టికెట్టు అచ్చయ్యాక చేతికివ్వదు. అద్దం కింద సందులోంచి సగం బయటికి తోసి, రెండో కొస తన వేలి కింద అదిమిపెట్టి, "తేదీ చదవండి" అనేది. చదివితేనే వేలు తీసేది. చదువు రానివాళ్ళకి తనే చదివి వినిపించి తిరిగి చెప్పించుకునేది. వెనక వరసలో జనం సణిగేవాళ్ళు. ఒకాయన ఓరోజు, "ఏం, నీకు చదవడం రాదా?" అని కేకలేశాడు.

"నాకొచ్చండీ. తప్పు తేదీన పెట్టెలు మోసుకొచ్చి ప్లాట్‌ఫారం మీద ఏడ్చేది మీరు, నేను కాదు."

పని నిదానంగా చేస్తోందని పై అధికారి ఒకసారి మెమో ఇచ్చాడు. ఆవిడ ఆ కాగితం తీసుకుని, మళ్ళీ ఆయన ముందే పెట్టి, "తేదీ చదవండి సార్" అంది. చదివాడు. అందులో పోయిన సంవత్సరం ఉంది. మెమో అక్కడికక్కడే చింపేశాడు. ఈ కథ స్టేషన్లో కనీసం పదేళ్ళు బతికింది.

రిటైరైన రోజు సాయంత్రం, మెళ్ళో దండ ఇంకా తియ్యకుండానే ఇంట్లో ప్రకటన చేసింది.

"తుప్పు పట్టిన ఫ్యాను కింద ముప్పై మూడేళ్ళు ఉడికిపోయాను. లోకాన్నంతా ఎక్కించి పంపాను. ఇప్పుడు మనందరం ఓడెక్కి మంచు కొండల దాకా వెళ్ళొస్తున్నాం. ఎవరూ రామనకూడదు."

ఎవరూ రామనలేదు. గొడవంతా ఎప్పుడన్న దాని దగ్గర మొదలైంది.

పెద్దల్లుడికి ఫోటోల పిచ్చి. ఉత్తర ధ్రువం దాపున శరత్కాలంలో చీకటి పడ్డాక ఆకాశంలో ఆకుపచ్చగా, ఊదాగా వెలుగులు కదులుతాయి. అవి తీసి గోడకి తగిలించుకోవాలని ఎన్నాళ్ళుగానో అతని కోరిక. ఓ ఆదివారం లాప్‌టాప్ పట్టుకొచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, అందరికీ ఆ బొమ్మలు చూపించాడు. సెప్టెంబరు ఇరవై మూడున ఒక ఓడ బయల్దేరుతుంది. దానికే వెళ్ళాలి. జూన్‌లో వెళితే అక్కడ ప్రయాణం పన్నెండు రోజులూ సూర్యుడు అస్తమించనే అస్తమించడు. చీకటే లేకపోతే వెలుగులెక్కడివి?

బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయి. పెద్దమ్మాయి "అబ్బా!" అంది. చిన్నమ్మాయికీ కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు. ఆవిడ మాత్రం అన్నీ ఓపిగ్గా చూసి, "బాగున్నాయి బాబూ. మనం వెళ్ళేది జూన్ పద్దెనిమిదికి" అంది.

"అత్తయ్యా, అంత దూరం వెళ్ళి ఇవి చూడకుండా రావడం అంటే, పెళ్ళికెళ్ళి భోంచెయ్యకుండా వచ్చేసినట్టు ఉంటుంది."

"పెళ్ళికి తిండి కోసమే వెళతారా ఏమిటి?"

"అసలు జూన్‌లో ఏముందని?"

"మంచుంది. కొండలున్నాయి. పగలుంది."

"పగలు ఇక్కడ లేదా అమ్మా?" అంది పెద్దమ్మాయి.

"ఇక్కడ పూటే. అక్కడ రోజంతా. దేశం కాని దేశం వెళ్ళి దుప్పటి ముసుగేసుకుని పడుకోడానికా? ఇరవై నాలుగ్గంటలూ చూస్తాను."

అల్లుడు మావగారి వైపు తిరిగాడు. "మావయ్యా, మీరైనా చెప్పండి."

మాస్టారు చేతిలో నారింజ తొక్క తియ్యడం ఆపకుండా, "మీ అత్తయ్య ఎప్పుడంటే అప్పుడే" అన్నారు.

"చూశారా, ఆయన ఓటు కూడా ఆవిడే వేసుకుంటోంది" అన్నాడు అల్లుడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది, కానీ లొంగలేదు. సరే, ఓట్లే పెడదామన్నారు. సెప్టెంబరుకి మూడు చేతులు లేచాయి. మూడోది చిన్నమ్మాయిది.

"నేను ఏనాడూ చేతులు లెక్కపెట్టి బెర్తు ఇవ్వలేదు" అంది ఆవిడ, లేచి కంచాలు తీస్తూ. "మీకంత ముచ్చటైతే సెప్టెంబరుకి మీరెళ్ళండి. జూన్‌కి నేనూ మాస్టారూ వెళతాం. అప్పుడూ కుటుంబమే, రెండు విడతల్లో."

ఆ వారమంతా ఇంట్లో వాతావరణం ఉడికింది. పెద్దమ్మాయి ఫోన్లు మానేసింది. చిన్నమ్మాయి పెళ్ళి చేసుకోలేదు, తల్లిదండ్రులతోనే ఉంటుంది. పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాసే ఉద్యోగం. వచ్చినవాళ్ళకి అనుకూలంగా తేదీలు సర్దడమే ఆమె పని; సర్దుకోని మనిషిని చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది. తల్లికి కారణం చెప్పడానికేం? చెప్పదు. పగలుంది, మంచుంది అంటుంది, అంతే. ఓ రోజు పొద్దున కాఫీ దగ్గర నోరు జారింది.

"నీ కౌంటరు మూసేశారమ్మా. ఇంకా అద్దం వెనకే కూర్చుని మాట్లాడతావేం?"

ఆ మాట అన్నాక గాని ఎంత మాటో ఆమెకి తెలియలేదు. ఆవిడ గ్లాసు కింద పెట్టింది. కూతురి మొహంలోకి నిదానంగా చూసింది.

"అవును, మూసేశారు. అందుకే ఇప్పుడు నా టికెట్టు నేను రాసుకుంటున్నా. ఆఫీసుకి సెలవు పెట్టు, క్యాబిన్లు చూసొద్దాం."

క్షమించమని అడిగే సందు కూడా ఇవ్వలేదు. చిన్నమ్మాయి సెలవు పెట్టింది.

ఏజెంటు ఆఫీసులో ఓడని నిలువునా కోసినట్టున్న బొమ్మ ఒకటి గోడకి వేలాడుతోంది. అంతస్తులు, అంతస్తుల నిండా గళ్ళు. ఆవిడ బొమ్మకి దగ్గరగా వెళ్ళి నిలబడింది. బల్ల వెనక కూర్చున్న ఏజెంటు, కుర్రవాడు, మర్యాదగా "కూర్చోండి ఆంటీ" అన్నాడు. కూర్చోలేదు.

"ఇంజను ఎక్కడుంది నాయనా?"

అతను తడుముకున్నాడు. "ఎక్కడో కిందనండీ."

"సీటు అమ్మేవాడికి చక్రాలెక్కడున్నాయో తెలియకపోతే ఎలా? ముసలివాళ్ళని తీసుకెళ్ళి చక్రాల నెత్తిన పడుకోబెడతావ్. కనుక్కో."

అతను ఎవరికో ఫోన్ చేసి కనుక్కున్నాడు. చివరికి గంటన్నర పట్టింది. వంటశాల కింద వద్దు, తెల్లారకముందే గిన్నెలు మోగుతాయి. డాన్సుల హాలు కింద వద్దు. ముక్కు వైపు వద్దు, లంగరు గొలుసు దించితే గుండె ఆగిపోతుంది. వాళ్ళు దిగిరాకపోతారా అని పెద్దల్లుడికి ఇష్టమైన పై అంతస్తు బాల్కనీ గది కూడా రాయించింది గానీ, "పైన ఊపు ఎక్కువ, మాత్రలు తెచ్చుకోమనాలి" అని పక్కన పెన్సిలుతో రాసుకుంది. తనకీ మాస్టారికీ మధ్య భాగంలో, కింది అంతస్తులో, లిఫ్టుకి నాలుగడుగుల్లో ఒక గడి మీద వేలు పెట్టింది. దాని పక్కదే చిన్నమ్మాయికి.

"రెండూ లోయర్ బెర్తులే రాయి."

"ఆంటీ, అందులో మంచాలు పక్కపక్కనే ఉంటాయి. పైనా కిందా ఉండవు."

"ఉండకపోతే మరీ మంచిది. అయినా రాయి."

చిన్నమ్మాయి నవ్వాపుకోడానికి కిటికీలోంచి వీధిలోకి చూసింది. కుర్రవాడు నిజంగానే రాశాడు.

"ఆంటీ, ఒక్క మాట. జూన్‌లో చాలామంది కిటికీ లేని లోపలి గదులే అడుగుతారు. తలుపేస్తే చిమ్మచీకటి, హాయిగా నిద్రపడుతుంది. కిటికీ గదిలో అర్ధరాత్రి కూడా ఎండ మొహాన కొడుతుంది."

"కొట్టనీ. కిటికీ ఎంత పెద్దదుంటే అంత పెద్దది ఇవ్వు."

"అలవాటు లేనివాళ్ళు తర్వాత కంప్లయింట్ చేస్తారండీ."

"నేను చెయ్యను. చీకటి కొనుక్కోడానికి నీ దగ్గరికి రాలేదు బాబూ, అది మా ఇంట్లో ఊరికే దొరుకుతుంది. తేదీ చదువు."

నెల తిరక్కముందే పెద్దమ్మాయీ అల్లుడూ దిగొచ్చారు. వేరే వేరేగా వెళ్ళడం అల్లుడికే చిన్నతనం అనిపించింది. అయిదుగురూ జూన్‌కే అని ఖాయమైంది. అయిదో మనిషి పెద్దమ్మాయి కొడుకో కూతురో కాదు, వాళ్ళకి పిల్లల్లేరు, ఆవిడే. తనని కూడా లెక్కలో వేసుకుని, తన పేరూ చదివించుకుని, పెన్సిలు పక్కన పెట్టిన మార్చి మధ్యాహ్నమే వెళ్ళిపోయింది.

పదిహేను రోజుల తర్వాత అల్లుడు మెల్లిగా కదిపాడు. మంచివాడే, మంచి మాటగానే అన్నాడు.

"ఏప్రిల్ ఆఖరుదాకా తేదీ మార్చుకోవచ్చట. ఈ జూన్‌కి ఎవరి మనసూ బాగుండదు. సెప్టెంబరుకైతే కాస్త తేరుకుంటాం. అత్తయ్య పేరు చెప్పుకుని ఆ వెలుగులు కూడా చూడొచ్చు."

"నిజమే" అంది పెద్దమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ.

మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆ రోజుల్లో ఆయన దేనికీ ఏమీ అనడంలేదు.

చిన్నమ్మాయికి ఎక్కణ్ణించి వచ్చిందో గాని ఒక కోపం వచ్చింది. తల్లికి ఎదురుగా ఓటేసిన మూడో చెయ్యి తనదే. సెప్టెంబరే మంచిదని ఇప్పటికీ ఆమె లోలోపల అనుకుంటూనే ఉంది. అయినా సరే.

"మార్చేది లేదు."

"అదేంటి, నువ్వు కూడా సెప్టెంబరే కదా అన్నావు!"

"అన్నాను బావా. అప్పుడు ఆవిడ ఉంది, ఎదురు మాట్లాడుకోడానికి. ఉన్నప్పుడు మార్పించలేనిది, పోయాక మనం మార్చేస్తామా? జూన్ పద్దెనిమిది. రానివాళ్ళు రాకండి."

"అచ్చం అత్తయ్యే" అన్నాడు బావ, చేతులెత్తేస్తూ.

"కాదు. ఆవిడైతే ఇంత సేపు మాట్లాడేది కాదు."

మర్నాడు ఏజెంటు దగ్గరికి వెళ్ళి, తల్లి పేరు తీయించి, నాన్న క్యాబిన్లోకి తను మారింది. తన గది వదిలేసింది. నాలుగు పేర్లూ అతని చేత చదివించింది. అతను ఈసారి తొందరపడలేదు.

జూన్‌లో ఎక్కి చూస్తే ఓడ తల్లి చెప్పినట్టే ఉంది. మధ్య గదిలో గ్లాసులో నీళ్ళు కూడా కదల్లేదు. పైన బాల్కనీలో అక్కా బావా రెండో రోజుకే మాత్రలు మింగి పడుకున్నారు. బావ గాజు తలుపుకి తువ్వాలు కట్టి, "ఈ ఎండకి దండం పెడతాను, కాస్త చీకటి ఇప్పించండ్రా" అని మొత్తుకున్నాడు. నాలుగో రోజు మొదటి మంచు కొండ కనిపించింది, నీలంగా, పాత గాజు పలకలా. చిన్నమ్మాయి రైలింగు పట్టుకుని నిలబడి, తల్లి మీద కోపంగా, తల్లి లేదని ఏడుస్తూ, దాన్ని చూసింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక డెక్కు మీదికి వెళ్ళింది. పదిన్నర దాటింది, ఎండ మాత్రం సాయంత్రం నాలుగింటిలా పసుపుగా ఉంది. మాస్టారు అప్పటికే అక్కడున్నారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఇనుప మెట్లు దిగి, తాళ్ళూ తొట్టెలూ దాటుకుంటూ ఓడ ఈ చివరనుంచి ఆ చివరికి నడిచి, పుస్తకం తీసి మంచు గీస్తున్నారు. మార్చి తర్వాత ఆయన పెన్సిలు పట్టడం అదే మొదలు.

పక్కన కూర్చుంది. "అమ్మ జూన్ కోసం ఎందుకంత పట్టు పట్టింది నాన్నా? మీకైనా చెప్పిందా?" అంది.

ఆయన గీత ఆపారు.

"చీకటి పడితే నాకు కనపడదమ్మా. పగలు బాగానే ఉంటుంది. దీపాలు పెట్టే వేళకి బయట చెయ్యి చాపితే చెయ్యి కనపడదు, ఇంట్లో దీపాల వెలుగులో ఎలాగో నెట్టుకొస్తాను. రెండు కళ్ళూ అంతే. సెప్టెంబరు ఓడైతే సగం ప్రయాణం గదిలో కూర్చునేవాణ్ణి."

ఆమె ఆయన ఒళ్ళో ఉన్న పుస్తకం వైపు చూసింది.

"డ్రాయింగు మాస్టారికి చూపు లేదంటే పిల్లలు నవ్వుతారని, మీకెవరికీ చెప్పనని మీ అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను" అన్నారు. "తొమ్మిదేళ్ళయింది."